మతిమరుపు వ్యాధికి పాత మాత్రా, ప్రయోగంలో ఉన్న మందా: ఉద్దానంలోని ఒక ఇంటి కోసం చేసిన పోలిక

కవిటి మండలంలో కొబ్బరితోటను ఆనుకొని ఉన్న మా మావయ్య ఇంటి అరుగు మీద, కిందటి వేసవిలో ఒక సాయంత్రం, రెండు కాగితాలను ముందు పెట్టుకొని నలుగురం కూర్చున్నాం. ఒకటి విశాఖపట్నంలో నరాల వైద్యుడు రాసిన చీటీ. అందులో డొనెపెజిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి అని ఉంది. రెండవది హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా బావ తెచ్చిన, ఇరవై పేజీలు దాటిన సమాచార పత్రం. మెదడులోని ఒక ఎంజైమును (శరీరంలో రసాయన మార్పులను జరిపే ప్రోటీనును) అడ్డుకునే కొత్త మందును అల్జీమర్స్ రోగులపై పరీక్షిస్తున్నారని, ఇష్టమైనవారు ఆ ప్రయోగంలో చేరవచ్చని దాని సారాంశం. మావయ్య వందల కాయలను నోటిలెక్కతో లారీకి ఎక్కించిన మనిషి. ఏడాదిగా ఆ లెక్క తప్పుతోంది. ఒకే తోటకు ఇచ్చిన బయానాను రెండవసారి ఇచ్చి వస్తున్నాడు.

"పాతది వాడదామా, కొత్తదానికి వెళదామా?" అని బావ అడిగాడు. నేను శ్రీకాకుళంలో మందుల షాపు నడుపుతాను. వైద్యుణ్ణి కాను గాని, మందుల పెట్టెలోని కరపత్రాన్ని చివరి గీత వరకు చదివే అలవాటు ఉన్నవాణ్ణి. ఆ అలవాటుతో రెండు నెలల పాటు ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూశాను. ఇవి ఒకే వరుసలో ముందు వెనుకగా నిలబడిన రెండు మందులు కావని నాకు అర్థమైంది. మొదటిది చికిత్స. రెండవది జవాబు ఇంకా తెలియని ఒక ప్రశ్న; దానికి జవాబు వెతకడంలో మన ఇంటి మనిషిని భాగస్వామిని చేయడం. ఈ తేడాను మనసులో పెట్టుకున్న తరువాతే మిగిలిన పోలికకు అర్థం ఉంటుంది.

అంతకన్నా ముందు రోగం పేరు సరిగా తేలి ఉండాలి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు, తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు పుర్రె లోపల నెమ్మదిగా చేరే రక్తపు గడ్డ వంటివన్నీ మతిమరుపులాగే కనిపిస్తాయి. వీటికి వేరే చికిత్సలు ఉన్నాయి. రక్తపరీక్షలు, తల స్కానింగు లేకుండా "జ్ఞాపకశక్తి బిళ్ల ఇవ్వండి" అని నా కౌంటరు దగ్గరకు వచ్చేవారిని నేను వెనక్కి పంపుతాను. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అందులో అల్జీమర్స్ ప్రధానమైనదే గాని ఒక్కటే కాదు.

అడ్డుకునేది ఏ ఎంజైమును?

చీటీలోని మందు ఎంజైమును అడ్డుకునేదే, పత్రంలోని మందూ ఎంజైమును అడ్డుకునేదే. ఈ మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఎంజైములు వేరు, ఆశిస్తున్న ఫలితమూ వేరు.

డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ అనే మూడు పాత మందులూ ఎసిటైల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైమును అణచుతాయి. ఎసిటైల్‌కోలిన్ ఒక నరకణం నుంచి పక్క కణానికి కబురు మోసే పదార్థం; కబురు అందగానే ఈ ఎంజైము దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. అల్జీమర్స్ వ్యాధిలో ఆ కబురు పంపే కణాలే తగ్గిపోతాయి కనుక, ఎంజైమును కొంత అదుపు చేస్తే మిగిలిన కాస్త ఎసిటైల్‌కోలిన్ ఇంకొంచెం సేపు నిలుస్తుంది. కణాలు చనిపోవడం మాత్రం ఆగదు.

ఈ ఎంజైము మన రైతులకు మరో దారిలో పరిచయమే. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందులు అడ్డుకునేది సరిగ్గా దీన్నే. మందు కొట్టిన రైతుకు నోట చొంగ కారడం, ఒళ్లంతా చెమట, వాంతులు, కంటిపాప సూదిమొన అంత చిన్నది కావడం, నాడి మందగించడం, ఆసుపత్రిలో అట్రోపిన్ ఎక్కించడం మన జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. పురుగుమందు ఎంజైమును గట్టిగా పట్టుకొని వదలదు. మాత్ర కొద్దిగా పట్టుకొని, తరువాత వదిలేస్తుంది. మోతాదుకు, పట్టుకు ఉన్న ఈ తేడా వల్లనే ఒకటి విషమైంది, రెండవది మందైంది. అయితే మాత్ర వల్ల కలిగే ఇబ్బందులు కూడా ఆ విషపు లక్షణాలకు చిన్న నీడలే: వికారం, విరేచనాలు, నాడి నెమ్మదించడం. ఈ పోలిక చెప్పాక మా అత్త నాడి చూడడం నేర్చుకుంది. నా మటుకు నాకు ఏ కరపత్రం కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది.

ప్రయోగంలో ఉన్న మందుల సంగతి వేరు. అవి కబురు మోసే పదార్థం జోలికి పోవు. రోగానికి మూలమని భావిస్తున్న ప్రోటీను ముక్కలు, అంటే బీటా అమిలాయిడ్, తయారు కాకుండా ఆపాలని చూసినవే వాటిలో పేరు పొందినవి. ఒక పెద్ద ప్రోటీనును మొదట బీటా సెక్రటేజ్, తరువాత గామా సెక్రటేజ్ అనే ఎంజైములు కత్తిరించినప్పుడు ఈ ముక్క పుడుతుంది. కత్తెరను ఆపితే ముక్క పుట్టదు, ముక్క పుట్టకపోతే రోగం ముదరదు అన్నది ఆలోచన. ఈ మందు పనిచేస్తే నడుస్తున్న నష్టమే నెమ్మదిస్తుంది. పాత మాత్రలు ఇవ్వలేనిది అదే. పనిచేస్తే, అన్న మాటను పట్టుకొని ఇప్పటివరకు ఏం జరిగిందో చూడాలి.

ఇప్పటివరకు ఏం జరిగింది

బీటా సెక్రటేజ్ ఎంజైమును 1999లో గుర్తించారు. ఐస్‌లాండు ప్రజల్లో ఈ కత్తిరింపు తక్కువగా జరిగేలా చేసే ఒక అరుదైన జన్యు మార్పు ఉన్నదని, అది ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు తక్కువగా ఉన్నదని 2012లో తేలడంతో ఆశ మరింత పెరిగింది. పెద్ద కంపెనీలు అనేకం ఈ ఎంజైము మీద మందులు తయారు చేశాయి. వెరుబెసెస్టాట్ అనే మాత్రను తేలికపాటి నుంచి మధ్యస్థ దశలో ఉన్న 1,958 మందిపై పరీక్షించి, ఫలితం వచ్చే అవకాశం లేదని 2017 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇంకా తొలి దశలో ఉన్న 1,454 మందిపై జరిగిన రెండవ ప్రయోగాన్ని 2018 ఫిబ్రవరిలో ఆపారు. వెన్నునీటిలో అమిలాయిడ్ 60 శాతానికి పైగా తగ్గింది. ఎంజైము లొంగింది గాని మనిషికి మేలు జరగలేదు. అంతేకాక రెండవ ప్రయోగంలో ఎక్కువ మోతాదు వేసుకున్నవారి జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కన్నా కొంత దిగజారాయి.

తరువాత వరుసగా అటాబెసెస్టాట్ కాలేయానికి ఇబ్బంది కలిగించడం వల్ల 2018లో, లానబెసెస్టాట్ అదే ఏడాది, ఉమిబెసెస్టాట్, ఎలెన్‌బెసెస్టాట్ 2019లో ఆగిపోయాయి. గామా సెక్రటేజ్‌ను అడ్డుకున్న సెమగాసెస్టాట్ అంతకుముందే, 2010లో, రోగుల పరిస్థితిని దిగజార్చి, చర్మ క్యాన్సర్లు కూడా పెంచి ఆగిపోయింది. వేరే ఎంజైముల వైపు మళ్ళిన ప్రయత్నాలకూ ఇదే గతి పట్టింది. చిగుళ్ల సూక్ష్మజీవి విడుదల చేసే ఎంజైమును గురిపెట్టిన అటుజాగిన్‌స్టాట్ 643 మందిపై జరిగిన ప్రయోగంలో 2021లో విఫలమైంది. గ్లుటమినిల్ సైక్లేజ్‌ను అడ్డుకునే వరోగ్లుటమ్‌స్టాట్ ఐరోపాలో జరిగిన ప్రయోగంలో 2024లో ఆశించిన ఫలితం చూపలేదు.

ఎందుకిలా జరిగిందంటే, శరీరంలో ఏ ఎంజైమూ ఒక్క పనికే పుట్టినది కాదు. బీటా సెక్రటేజ్ కత్తిరించే ప్రోటీనులు ఇంకా చాలా ఉన్నాయి; వాటిలో కొన్ని నరకణాల మధ్య అతుకులను నిలబెట్టేవి. గామా సెక్రటేజ్ చర్మకణాల ఎదుగుదలను అదుపు చేసే ప్రోటీనును కూడా కత్తిరిస్తుంది. కలుపుతోపాటు పైరునూ కోసేసే కొడవలి లాంటి మందు ఇది. బావ తెచ్చిన పత్రంలో "ఎంజైమును 80 శాతం వరకు అణచగలదు" అన్న వాక్యం కింద ఎవరో పెన్నుతో గీత గీశారు. ఆ వాక్యం నిజమే అయి ఉండవచ్చు. పై చరిత్ర చదివినవాడు దాన్ని మందు పనిచేస్తుందనడానికి సాక్ష్యంగా మాత్రం తీసుకోడు.

రెండవ వైపు కూడా చెప్పాలి. అటాబెసెస్టాట్ వల్ల దిగజారిన జ్ఞాపకశక్తి మందు ఆపిన కొన్ని నెలలకు తిరిగి సర్దుకున్న సూచనలు కనిపించాయి. ఇప్పుడు మనం ధీమాగా వాడుతున్న డొనెపెజిల్ కూడా ఒకప్పుడు ప్రయోగంలో ఉన్నదే. దానికి ముందు 1993లో అమెరికాలో అనుమతి పొందిన టాక్రిన్ కాలేయాన్ని దెబ్బతీసి క్రమంగా వాడుక నుంచి తప్పుకుంది. 1996లో డొనెపెజిల్ వచ్చింది. ఎవరో ఆ ప్రయోగాల్లో చేరబట్టే ఈ మాత్ర ఇవాళ శ్రీకాకుళం షాపులో సామాన్యుడికి అందే ధరకు దొరుకుతోంది. కనుక ప్రయోగంలో చేరడం తెలివితక్కువ పని అని నేను అనను. ఏ ఆశతో చేరుతున్నామో అది సరిగా ఉండాలి.

పాత మందుల్లో ఏది

వీటి మేలు చిన్నది. డొనెపెజిల్ 10 మిల్లీగ్రాముల మోతాదు, 70 మార్కుల ఆలోచనాశక్తి పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర కన్నా సగటున రెండున్నర మార్కులకు కాస్త పైగా తేడా చూపింది. ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుందంటే, మావయ్య మళ్ళీ లారీ లెక్క కట్టలేదు. కాని సాయంత్రం అయ్యేసరికి "ఇంటికి పోతాను" అని గుమ్మం దిగడం కొంత తగ్గింది. ఆ మాత్రం కోసమే ఈ మందు. ఇంకా ఎక్కువ ఆశించిన కుటుంబాలు మూడు నెలలకే "పనిచేయలేదు" అని ఆపేస్తాయి. అది తొందరపాటు. మధ్యస్థ, తీవ్ర దశల్లో ఉన్న 295 మందిపై బ్రిటన్‌లో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, మందు ఆపినవారు కొనసాగించినవారి కన్నా 30 మార్కుల పరీక్షలో సగటున దాదాపు 2 మార్కులు వెనుకబడ్డారు.

మూడింటిలో నేను మొదట చూసేది డొనెపెజిల్‌నే. అది శరీరంలో సగానికి తగ్గడానికి 70 గంటలు పడుతుంది కనుక రోజుకు ఒక్క మాత్ర చాలు, ఒక పూట మరిచినా ప్రమాదం లేదు. మరునాడు రెండు వేయకూడదు, అంతే. 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తరువాత, తట్టుకుంటేనే 10కి పెంచుతారు. రాత్రి వేస్తే కొందరికి భయంకరమైన కలలు వస్తాయి. వైద్యుడికి చెప్పి ఉదయానికి మార్చుకుంటే ఆ బాధ సాధారణంగా తీరుతుంది. ప్రారంభించిన రెండవ వారంలో మా అత్త ఫోను చేసి, "ఈ బిళ్ల ఏసిన కాడ్నుంచి కూడు ఒంటికి పట్టట్నేదురా బాబూ" అంది. అన్నం తిన్నాక వేయడం మొదలుపెట్టిన పది రోజులకు వికారం తగ్గింది. తగ్గనివారు, బరువు కోల్పోతున్నవారు ఉంటారు. వాళ్లకు దారి మార్చాలి.

ఆ దారి రివాస్టిగ్మిన్ పట్టీ. కడుపు గుండా పోకుండా చర్మం నుంచి లోపలికి ఇంకుతుంది కనుక వికారం తక్కువ. రోజుకు 4.6 మిల్లీగ్రాములు విడుదల చేసే పట్టీతో మొదలై 9.5కు వెళతారు. కానీ మన తీరప్రాంతపు చెమటకు, తలంటు నూనెకు అది అతుక్కోదు. ఉద్దానంలో కొబ్బరినూనె రాయని వీపు దొరకడం కష్టం. నూనె లేని, పొడిగా ఉన్న చర్మం మీద, రోజూ చోటు మార్చుతూ, అదే చోట 14 రోజుల వరకు మళ్ళీ వేయకుండా అంటించాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాత పట్టీ తీసిన తరువాతే కొత్తది వేయాలి. వీపు మీద రెండు మూడు పట్టీలు మిగిలిపోయి మోతాదు మించిన సంఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. పెళ్ళికో తీర్థానికో వెళ్లి మూడు రోజులకు మించి ఆపితే, మళ్ళీ చిన్న మోతాదు నుంచే మొదలుపెట్టాలి. చుట్ట తాగేవారిలో ఈ మందు కొంత త్వరగా శరీరం నుంచి పోతుంది. మన జిల్లాలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని) తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు కనుక ఈ సంగతి వైద్యుడికి దాచకూడదు.

గాలంటమిన్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న మన ప్రాంతానికి అది అంతగా సరిపడదు. మూత్రపిండాలు బలహీనపడినవారిలో దాని మోతాదును రోజుకు 16 మిల్లీగ్రాములు మించనివ్వరు; బాగా చెడిపోయినవారికి అసలు ఇవ్వరు.

మెమాంటిన్ ఈ కోవకు చెందదు. అది ఎంజైమును కాక, గ్లుటమేట్ అనే మరో కబురు పదార్థాన్ని అందుకునే తలుపును అడ్డుకుంటుంది. మధ్యస్థ దశ నుంచి దీన్ని విడిగా గాని, డొనెపెజిల్‌తో కలిపి గాని వాడతారు. ఉద్దానం వారికి ఇందులో ఒక చిక్కు ఉంది. మూత్రపిండాల రోగులకు సోడా బైకార్బనేట్ మాత్రలు రాస్తుంటారు. వాటివల్ల మూత్రపు ఆమ్లగుణం తగ్గుతుంది. మూత్రం బాగా క్షారంగా మారితే మెమాంటిన్ బయటకు పోవడం 80 శాతం వరకు తగ్గి ఒంట్లోనే పేరుకుంటుంది. కిడ్నీ వైద్యుడి చీటీ ఒక సంచిలో, నరాల వైద్యుడి చీటీ ఇంకో సంచిలో ఉన్న ఇళ్లలో ఈ రెండింటినీ కలిపి చూసేవారు ఎవరూ ఉండరు. రెండు చీటీలనూ ఒకే షాపులో చూపించండి.

ఇంకో తరహా పొరపాటు నా కౌంటరు దగ్గరే నిత్యం కనిపిస్తుంది. ఉదయం డొనెపెజిల్ వేసుకొని, కడుపునొప్పికి డైసైక్లోమిన్, జలుబుకు క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆగడం లేదని ఆక్సిబ్యుటినిన్ వేసుకుంటారు. ఇవన్నీ ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునేవే. ఒక చేత్తో తోడిన నీళ్లను ఇంకో చేత్తో పారబోసినట్లే. కొత్త మందు కోసం వెతికే ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఈ చిల్లర బిళ్లలను తీసేసి చూడడం మేలు.

కొలవవలసినవి: కిడ్నీ, నాడి, దూరం

ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను దశాబ్దాలుగా పీడిస్తున్న, కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి గురించి తెలుగువారికి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. పలాసలో దీనికోసమే 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మతిమరుపు మందు ఎంపికలో కూడా ఇక్కడ మొదటి ప్రశ్న మూత్రపిండాలదే.

మావయ్య రిపోర్టులో క్రియాటినిన్ (కండల నుంచి పుట్టి మూత్రపిండాల ద్వారా బయటకు పోయే వ్యర్థం) 1.4 అని ఉంది. "కొంచెమే ఎక్కువ, ఫరవాలేదు" అన్నారు ల్యాబులో. లెక్క వేసి చూడండి. 140లో నుంచి వయసు 72 తీసేస్తే 68; దాన్ని ఆయన బరువు 48 కిలోలతో గుణించి, 72ను 1.4తో గుణించగా వచ్చిన 100.8తో భాగిస్తే, మూత్రపిండాల వడపోత వేగం నిమిషానికి సుమారు 32 మిల్లీలీటర్లు. ఆరోగ్యవంతుడైన యువకుడిలో ఇది 100 దరిదాపుల్లో ఉంటుంది. ఆడవారికైతే ఈ అంకెను మళ్ళీ 0.85తో గుణించాలి. బక్కపలచని ముసలివారిలో కండ తక్కువ కనుక క్రియాటినిన్ తక్కువే పుడుతుంది. అందువల్ల అంకె మంచిగా కనిపించి మోసం చేస్తుంది. డొనెపెజిల్‌కు ఈ 32 పెద్ద అడ్డంకి కాదు. మెమాంటిన్‌కు హద్దు దగ్గరి మాట. 30 కన్నా కిందికి పోతే మోతాదు సగం చేయాలి. ప్రయోగంలో ఉన్న మందుకైతే చాలావరకు ఇదే తలుపు మూసేస్తుంది, ఎందుకంటే మందు శరీరంలో ఎలా నిలుస్తుందో తెలియని దశలో నిర్వాహకులు కిడ్నీ, కాలేయం బాగున్నవారినే తీసుకుంటారు.

నాడి రెండవది. నిమిషానికి 50 కన్నా తక్కువ ఉన్నా, ఈసీజీలో గుండె కబుర్లు ఆగుతున్నట్లు ఉన్నా, తరచుగా కళ్ళు తిరిగి పడిపోతున్నా ఎసిటైల్‌కోలినెస్టెరేజ్‌ను అడ్డుకునే మూడు మందులకూ ముందు గుండె వైద్యుడి మాట కావాలి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవారిలో రెండు మందులూ కలిసి నాడిని ఇంకా దించుతాయి.

దూరం సంగతిని పత్రాల్లో ఎవరూ రాయరు. విజయనగరం నుంచి విశాఖపట్నం 60 కిలోమీటర్ల మాట, పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కవిటి నుంచి 200 కిలోమీటర్లకు పైనే. ఇచ్ఛాపురం వైపు వారు మామూలు వైద్యానికి దగ్గరలో ఉన్న బరంపురం వెళ్ళి వస్తుంటారు గాని, ప్రయోగం జరిగే చోటు మన ఇష్టం కాదు. ప్రయోగంలో చేరినవారు ఏడాదిన్నర, రెండేళ్ల పాటు నిర్ణీత తేదీలకు వెళ్ళాలి. రక్తపరీక్షలు, ఎంఆర్ఐ, గంటల తరబడి జ్ఞాపకశక్తి పరీక్షలు, కొన్ని చోట్ల వెన్నునీరు తీయడం కూడా ఉంటాయి. చోటు మారితేనే కంగారుపడే మనిషిని తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ రైలెక్కించడం ఎలా ఉంటుందో ఒక్కసారి అనుభవించి నిర్ణయించుకోవడం మంచిది.

మూడవ దారి ఒకటి ఉన్నదని బావ గుర్తు చేశాడు కనుక దాన్నీ తేల్చేస్తాను. లెకానెమాబ్, డొనానెమాబ్ అనేవి ఎంజైమును అడ్డుకునేవి కావు. ఇప్పటికే పేరుకున్న అమిలాయిడ్‌ను తొలగించే యాంటీబాడీలు. మొదటిదానికి అమెరికాలో 2023 జూలైలో పూర్తి అనుమతి, రెండవదానికి 2024 జూలైలో అనుమతి వచ్చాయి. లెకానెమాబ్‌ను 1,795 మందిపై 18 నెలలు పరీక్షించినప్పుడు 18 మార్కుల కొలబద్ద మీద 0.45 తేడా కనిపించింది. మెదడులో వాపు 12.6 శాతం మందిలో స్కానింగులో బయటపడింది. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్ లాగా ఎక్కించాలి, ఎంఆర్ఐలు మళ్ళీ మళ్ళీ తీయాలి, తొలి దశలోనే పనికొస్తుంది. నగరంలో ఉండి, ఖర్చు భరించగలిగి, రక్తం పలచన చేసే మందులు వాడనివారు వైద్యుడితో మాట్లాడవచ్చు. కవిటికి అది అందని చందమామే.

పార్కిన్సన్స్ రోగులు కూడా ఇదే ప్రశ్నతో వస్తారు గాని, వారి పరిస్థితి చాలా మెరుగు. లెవోడోపా మాత్రలోనే కార్బిడోపా అనే ఎంజైము నిరోధకం కలిసి ఉంటుంది. రసాగిలిన్, ఎంటకపోన్ కూడా అలాంటివే, దశాబ్దాలుగా పనిచేస్తున్నవే. రసాగిలిన్ వాడేవారు ట్రమడాల్ వంటి నొప్పి మందులను వైద్యుడికి చెప్పకుండా ముట్టుకోకూడదు, అంతవరకు గుర్తుంచుకుంటే చాలు.

సంతకం పెట్టే ముందు

నేను, బావ కలిసి ఆ ప్రయోగం జరిగే ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి సమన్వయకర్త ఆ ఇరవై పేజీలను పావుగంటలో పైపైన చదివి, "బయట దొరకని మందు, ఉచితంగా వస్తుంది, ఇక్కడ సంతకం" అని వేలు పెట్టి చూపించాడు. మేము పత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకొని తిరిగి వచ్చేశాం. ఉచితం అన్న మాటతో మొదలైన సంభాషణలో మిగిలిన విషయాలు మునిగిపోతాయి.

ఆ రోజు అడగవలసినవి, తరువాత ఇంట్లో కూర్చొని రాసుకున్నాను. ఇది ఎన్నవ దశ ప్రయోగం? మొదటి దశ భద్రత కోసం, రెండవది మోతాదు, తొలి సూచనల కోసం, మూడవది నిజంగా మేలు ఉందా లేదా తేల్చడం కోసం. రెండవ దశలో చేరి మూడవ దశ మందు నుంచి ఆశించేదాన్ని ఆశించకూడదు. ఎంతమందిలో ఎంతమందికి ఉత్తుత్తి మాత్ర వస్తుంది? ఎవరికి ఏది వచ్చిందో మనకు గాని, మనల్ని చూసే వైద్యుడికి గాని తెలియదు. ఇప్పుడు వాడుతున్న డొనెపెజిల్ కొనసాగించవచ్చా? మా అరుగు మీది తగవును నిజంగా తీర్చినది ఈ ప్రశ్నే. చాలా ప్రయోగాలు పాత మందును ఆపమనవు. కొన్ని నెలలుగా ఒకే మోతాదులో స్థిరంగా వాడుతూ ఉండాలని మాత్రమే అడుగుతాయి. అంటే పాతదా కొత్తదా అన్న పందెం అక్కడ లేనే లేదు. పాతది ముందు కుదుటపడాలి, కొత్తది ఆ పైన. ఎవరైనా "ముందు పాత మాత్ర ఆపేసి రండి" అంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ వివరాన్నీ భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. సీటీఆర్ఐ అనే ఈ పట్టికను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నమోదు సంఖ్య చెప్పలేని చోట మాట అక్కడితో ముగించవచ్చు. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. కొత్త రసాయనంతో చేసే ప్రయోగంలో తమ మేలు తాము కాపాడుకోలేని స్థితిలో ఉన్నవారి సమ్మతిని వీడియోలో నమోదు చేయాలి. మతి స్థిమితం తగ్గినవారి తరఫున చట్టబద్ధమైన ప్రతినిధి సంతకం చేయవచ్చు. చట్టం అడిగినా అడగకపోయినా, రోగిని కూడా ఆయనకు అర్థమయ్యే భాషలో అడగాలన్నది నా పట్టుదల. మావయ్యను అడిగితే "సూది ఉంటదా?" అన్నాడు. ఉంటుందని చెప్పాం. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. దాన్ని నేను జవాబుగానే తీసుకున్నాను.

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, మామూలు వైద్యానికి నష్టం లేకుండా తప్పుకోవచ్చు. ప్రయోగం ముగిశాక మందు అందుతూనే ఉంటుందన్న హామీ మాత్రం దానంతట అది రాదు. పత్రంలో ఆ పేరా ఉందో లేదో వెతకండి.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

తొలి దశలో ఉండి, కిడ్నీ, కాలేయం, గుండె బాగుండి, విశాఖపట్నంలోనో విజయనగరంలోనో నివసిస్తూ, వెంట వెళ్ళడానికి కొడుకో కూతురో తీరికగా ఉన్నవారికి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మూడు నెలలు డొనెపెజిల్ మీద కుదుటపడిన తరువాత, మూడవ దశలో ఉన్న ప్రయోగం అందుబాటులో ఉంటే చేరమనే చెబుతాను. తమకు మేలు జరుగుతుందన్న ఆశ కన్నా, క్రమం తప్పని పరీక్షలు, రాబోయే తరానికి ఉపయోగం అన్న ఆలోచన ఎక్కువగా ఉంటేనే అలా చెబుతాను. మధ్యస్థ దశ దాటినవారికి ప్రయోగం గురించి ఆలోచించనక్కరలేదు. డొనెపెజిల్, కిడ్నీ ఒప్పుకుంటే మెమాంటిన్ చాలు. కడుపు పడనివారికి పట్టీ. నాడి పడనివారికి మెమాంటిన్ ఒక్కటే. మూత్రపిండాలు దెబ్బతిన్న ఉద్దానం రోగికి చిన్న మోతాదు డొనెపెజిల్‌ను మించిన ఎంపిక ప్రస్తుతానికి నాకు కనిపించడం లేదు.

ఒక పొరపాటు మాత్రం మాది. ప్రయోగంలోకి ఎవరిని తీసుకోరో చెప్పే పేజీని మేము చివర చదివాం. మావయ్య మూత్రపిండాల అంకె అందులోని హద్దుకు కిందే ఉంది. మొదటి రోజే ఫోనులో ఆ పేజీ చదివించుకొని ఉంటే ఒక ప్రయాణం, రెండు రాత్రుల నిద్ర మిగిలేవి.

ఇప్పుడాయన ఉదయం అన్నం తిన్నాక 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటున్నాడు. నాడి 54 దగ్గర ఉన్నందున 10కి పెంచవద్దని వైద్యుడు చెప్పాడు. వచ్చే సమీక్ష సంక్రాంతి వెళ్ళాక ఉంది. బరువు, నాడి, క్రియాటినిన్ రాసుకునే మూడు గళ్ల కాగితాన్ని అత్త బీరువా తలుపుకు లోపలివైపు అంటించింది. బయటివైపు అంటిస్తే మావయ్య పీకేస్తున్నాడు.